మానసిక వార్డులో చేర్చేటప్పుడు బీడీ, చుట్ట సంగతి దాచకండి

నేను కోనసీమలో ఒక ఆసుపత్రి మానసిక వార్డులో నర్సుని. రోగిని చేర్చడానికి వచ్చేవాళ్లు ఆధార్, బట్టలు, పాత మందుచీటీలు అన్నీ తెస్తారు. "పొగ తాగుతారా?" అంటే మాత్రం "అబ్బే, ఎప్పుడో ఒకటండి" అంటారు. లంక పొగాకు చుట్టతోనే తెల్లారే ఇళ్లవాళ్లదీ అదే మాట.

దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి. రోజుకి ఎన్ని, నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది అంటిస్తారు, ఈ రెండూ చాలు.

2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో ఎక్కడా పొగ తాగకూడదు. 200 రూపాయల దాకా జరిమానా ఉంటుంది. పెద్ద హోటళ్లలోలా విడిగా పొగ గది పెట్టడానికీ వీల్లేదు. అంటే చేరిన పూటే అలవాటు తెగిపోతుంది. మొదటి రెండు మూడు రోజులూ చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలుపు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లని "బాబూ, ఒక్కటి" అని అడగడం. జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. ముందే తెలిస్తే డాక్టరుగారు నికోటిన్ (పొగాకుకి అలవాటు పడేలా చేసేది ఇదే) గమ్ము గానీ, ఒంటికి అంటించే పట్టీ గానీ రాస్తారు. ఆ గమ్ముని బబుల్‌గమ్‌లా నమిలేయకూడదు. మెల్లగా నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గన పెట్టాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ, నిమ్మరసం తాగితే పావుగంట ఆగి వేసుకోవాలి, లేకపోతే సరిగ్గా ఒంటికి పట్టదు.

అసలు సంగతి మందుల దగ్గరుంది. పొగలోని కొన్ని రసాయనాల వల్ల కాలేయంలో ఒక ఎంజైము జోరందుకుని మానసిక జబ్బులకి వాడే క్లోజపిన్, ఒలాంజపిన్ మందుల్ని తొందరగా ఖర్చు చేసేస్తుంది. పొగ ఆగిన వారం రోజుల్లో ఆ జోరు తగ్గుతుంది. పాత మోతాదే రక్తంలో ఎక్కువైపోతుంది. మగత, తూలడం, చొంగ కారడం, క్లోజపిన్ వాడేవాళ్లకి ఒక్కోసారి ఫిట్స్ కూడా. దీనికి కారణం పొగే, నికోటిన్ కాదు. అందుకే గమ్ము వాడుతున్నా మోతాదు చూసుకోవాల్సిందే.

అన్నం క్యారేజీ అడుగు గిన్నెలో, కవరులో చుట్టిన బీడీకట్ట ఒకసారి నా చేతికే దొరికింది. తెచ్చింది కన్నతల్లి. కొడుకు బాధ చూడలేకే తెచ్చింది, నాకు కోపం రాలేదు. కానీ లోపల ఒక్క బీడీ కోసం కప్పుకునే దుప్పటి ఇచ్చేసేవాళ్లుంటారు, అగ్గిపెట్టె ఎవరి చేతిలో పడుతుందో తెలీదు. వేరుశనగుండలు తెండమ్మా, ఎన్నయినా తెండి.

డిశ్చార్జి రోజున ఇంకో మాట అడగండి: "ఇంటికెళ్లాక మళ్లీ మొదలెడితే మోతాదు సంగతేంటి?" వార్డులో సరిపోయిన మోతాదు, బడ్డీకొట్టు దగ్గర మళ్లీ అంటించాక చాలకపోవచ్చు. అప్పుడు జబ్బు తిరగబెడుతుంది, మందు పనిచేయలేదని మనం మానిపించేస్తాం. మీ అంతట మీరు మాత్ర పెంచకండి, తగ్గించకండి. మళ్లీ తాగుతున్నాడని తెలిసిన రోజే డాక్టరుగారికి ఫోన్ చేయండి. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కి, మనసు బాగోలేనప్పుడు టెలి మానస్ 14416కి చేయొచ్చు. రెండూ ఉచితమే.