ఊరి సంఘానికి కంపెనీ సీఎస్ఆర్ నిధులు: ఎలా అడగాలి?

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం ఫ్యాక్టరీల గేట్ల దగ్గరికి చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు చందా పుస్తకం పట్టుకుని వెళ్తుంటారు. ఎక్కువమంది సెక్యూరిటీ దగ్గరి నుంచే వెనక్కి వచ్చేస్తారు. సీఎస్ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) డబ్బు చందా కాదు. కంపెనీ చట్టప్రకారం లెక్క చూపించాల్సిన డబ్బు. అందుకే అడిగే తీరు కూడా వేరుగా ఉండాలి.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ముందటి ఏడాది నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. సగటు లాభం 10 కోట్లయితే 20 లక్షలన్న మాట. తాను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. కాబట్టి మొహమాటపడక్కర్లేదు.

ముందు కాగితాలు

కంపెనీ మీలాంటి బయటి సంస్థ ద్వారా పని చేయించాలంటే అది రిజిస్టరైన సొసైటీగానో, పబ్లిక్ ట్రస్టుగానో, సెక్షన్ 8 కంపెనీగానో (లాభాపేక్ష లేని కంపెనీ) ఉండాలి. అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం కావాలి. ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు ఉండాలి. అవి వచ్చాక కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో సీఎస్ఆర్-1 ఫారం నింపాలి. 2021 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. ఫారంపై మీ డిజిటల్ సంతకంతో పాటు సీఏ (లేదా కంపెనీ సెక్రటరీ, కాస్ట్ అకౌంటెంట్) ధ్రువీకరణ కూడా ఉంటుంది కాబట్టి ఆడిటర్‌ని మొదటి నుంచీ వెంట పెట్టుకోండి. సంఘం పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు (స్వచ్ఛంద సంస్థల పోర్టల్‌లో నమోదైతే వచ్చేది) కూడా సిద్ధంగా ఉంచుకుంటే మంచిది.

ఇవేవీ లేవని టెన్షన్ పడకండి. కంపెనీ తానే నేరుగా పని చేయించవచ్చు. అప్పుడు ఊరి అవసరాన్ని వాళ్ల ముందుకు తీసుకెళ్లడమే మీ పని. లేదంటే అర్హత ఉన్న మరో సంస్థతో కలిసి వెళ్లండి.

తర్వాత సరైన కంపెనీ

కంపెనీ వార్షిక నివేదికలో సీఎస్ఆర్ అనుబంధం ఉంటుంది. ఏ పనికి ఎంత పెట్టారో అందులో చూడండి. చదువుకే ఇచ్చే కంపెనీని చెరువు పూడిక తీయమని అడిగితే ఇద్దరి సమయమూ వృథా. బొబ్బిలి, గరివిడి, పైడిభీమవరం, ఇలా మీకు దగ్గరున్న యూనిట్‌తోనే మొదలుపెట్టండి. చట్టంలోని 7వ షెడ్యూల్లో ఏ పనులకు ఇవ్వవచ్చో ఉంది: తాగునీరు, ఆరోగ్యం, చదువు, ఉపాధి, పర్యావరణం, విపత్తు సహాయం వగైరా. రాజకీయ పార్టీలకు ఇచ్చే విరాళాలు సీఎస్ఆర్ కిందికి రావు.

ప్రపోజల్: అసలు కష్టమంతా ఇక్కడే

మా సంఘం మొదటిసారి 'గ్రామాభివృద్ధికి సహకరించగలరు' అని ఒక పేజీ ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. రెండోసారి ఒక్క బడి, ఒక్క సమస్య తీసుకున్నాం: ఎంతమంది ఆడపిల్లలు, ఎన్ని మరుగుదొడ్లు, వాటిలో నీళ్లు వస్తున్నవి ఎన్ని. హెడ్మాస్టర్ గారి ఉత్తరం, పంచాయతీ తీర్మానం, మూడు కొటేషన్లు జత చేశాం. అప్పుడు లోపలికి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మంచినీటి ప్లాంటు కోసం అడుగుతున్నారనుకుందాం. కిడ్నీ జబ్బుతో అన్నేళ్లుగా నలుగుతున్న పల్లెలవి, అవసరం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అయినా కంపెనీ వాళ్లు ముందు అడిగేది ప్లాంటు ధర కాదు. కరెంటు బిల్లు ఎవరు కడతారు? మెంబ్రేన్ (నీటిని వడగట్టే పొర) మార్చడానికి డబ్బెక్కడిది? ప్లాంటు వదిలేసే ఉప్పునీళ్లు ఎటు పోతాయి? క్యానుకు ఎంత తీసుకుంటారు, ఆ లెక్క ఎవరు రాస్తారు? వీటికి ఊరంతా కూర్చుని జవాబులు తేల్చుకున్నాకే ప్రపోజల్ రాయండి. ప్లాంటు మూలపడితే మళ్లీ బోరు నీళ్లే గతి. నా దృష్టిలో ప్రపోజల్లో ఈ పేజీయే అన్నిటికంటే ముఖ్యం.

బడ్జెట్‌లో ప్రతి వస్తువుకూ ధర రాయండి. ఊరి వంతుగా స్థలం, శ్రమదానం, కొంత డబ్బు, ఏది ఇవ్వగలిగితే అది చూపించండి.

ఎప్పుడు ఇవ్వాలి?

కంపెనీల ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. వార్షిక ప్రణాళిక ఖరారు కాకముందే, జనవరి, ఫిబ్రవరి నెలల్లో కలవడం మేలు. మార్చి చివర్లో వెళ్తే అప్పటికే పద్దులన్నీ అయిపోయి ఉంటాయి.

డబ్బు వచ్చాక

ఆ ప్రాజెక్టు లెక్క విడిగా రాయండి. బిల్లులు, పని ముందు తర్వాత తీసిన ఫొటోలు దాచండి. యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు అనుకున్న పనికే ఖర్చయిందనే ధ్రువపత్రం) వాళ్లు అడగకముందే ఆడిటర్ సంతకంతో పంపండి. తక్కువ ధరకు సామాను దొరికి డబ్బు మిగిలిందా? దాన్ని పక్క పనికి వాడేయకండి. మిగిలిందని ఉత్తరం రాసి, ఏం చేయమంటారో రాతపూర్వకంగా తీసుకోండి.