ఎలక్ట్రాలిసిస్ మీకు సరిపడుతుందా? ఎలా తేల్చుకోవాలి?

గడ్డం కింద నాలుగు బిరుసు వెంట్రుకలు మొలిస్తే చాలు, ఎవరితో మాట్లాడుతున్నా చెయ్యి అక్కడికే పోతుంది. థ్రెడింగ్‌తో విసిగిపోయి శాశ్వత మార్గం వెతికితే విశాఖలో ముందు కనిపించేవి లేజర్ బోర్డులే. ఎలక్ట్రాలిసిస్ పేరు ఎవరో చెబితే గానీ తెలియదు. రేటు అడిగే ముందు ఈ కింది సంగతులు చూసుకోండి.

1. అది చేసే పనేమిటో తెలుసుకోండి

వెంట్రుక మొలిచే రంధ్రంలోకి చాలా సన్నని సూదిని దించి, కొద్దిపాటి కరెంటు పంపి కుదురును చంపేస్తారు. తర్వాత ట్వీజర్‌తో పట్టుకుంటే వెంట్రుక నొప్పి లేకుండా జారి రావాలి. చురుక్కుమని పీకినట్టుంటే కుదురు ఇంకా బతికే ఉందని అనుమానించాలి. 1875లో అమెరికాలో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టరు, కంట్లోకి పొడుచుకునే రెప్ప వెంట్రుకలను తీయడానికి ఈ పద్ధతి వాడారు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ లెక్కలో లేజర్‌ది 'శాశ్వత తగ్గింపు', ఎలక్ట్రాలిసిస్‌ది 'శాశ్వత తొలగింపు'.

2. అద్దం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చోండి

మీ వెంట్రుకలు ఏ రంగులో, ఎన్ని ఉన్నాయో చూసుకోండి. లేజర్‌కి నలుపు కావాలి. వెంట్రుకలోని రంగు ఆ కాంతిని పీల్చుకుంటేనే కుదురు కాలుతుంది. తెల్లబడినవాటిని, లేత రంగువాటిని అది పట్టుకోలేదు. సూదికి రంగుతో పని లేదు. అయితే ఒక్కొక్కటిగా తీయాలి కాబట్టి కాళ్లు, వీపు లాంటి చోట్ల ఎలక్ట్రాలిసిస్ మొదలుపెడితే ఓపికా మిగలదు, డబ్బూ మిగలదు. అక్కడ లేజరే నయం. గడ్డం, పై పెదవి, లేజర్ తర్వాత మిగిలిపోయినవి... లెక్కపెట్టగలిగినన్నే ఉంటే ఎలక్ట్రాలిసిస్ గురించి ఆలోచించవచ్చు.

3. ఎందుకు వస్తున్నాయో ముందు తేల్చుకోండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది దాటేసేది ఇదే. నెలసరి సరిగా రాకపోవడం, బరువు పెరగడం, మొటిమలు, వీటితోపాటు గడ్డం మీద వెంట్రుకలు ఉంటే పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా వల్ల వచ్చే సమస్య) ఉందేమో చూడాలి. ఉన్నట్టుండి వెంట్రుకలు గుబురుగా పెరిగి, గొంతు బొంగురుపోతుంటే అసలు ఆలస్యం చేయకూడదు. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, గైనిక్ ఓపీ ఉంది. ప్రైవేటుకు వెళ్లినా ఫరవాలేదు, హార్మోన్ల సంగతి మాత్రం అడగండి. సూది చంపేది ఉన్న కుదురునే. పక్కన హార్మోన్లు కొత్తవాటిని లేపుతూనే ఉంటే "చేయించుకున్నా మళ్లీ వచ్చాయి" అంటారు. మందులు వాడినా వెంట్రుకల్లో తేడా తెలియడానికి ఆరు నెలలు పట్టవచ్చు. రెండూ కలిపి నడపడమే మంచిది.

4. మీకు పనికిరాని పరిస్థితులు

గుండెకు పేస్‌మేకర్ ఉంటే వద్దు. చెవి కుట్టించుకున్న చోట కండ పెరిగి గట్టిపడినవాళ్లు, అంటే కీలాయిడ్ తత్వం ఉన్నవాళ్లు, డాక్టరు సరేనంటే తప్ప ముఖం మీద చేయించుకోకూడదు. గర్భిణులు, షుగర్ అదుపులో లేనివాళ్లు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు కూడా ముందే చెప్పాలి. పుట్టుమచ్చ మీది వెంట్రుక జోలికి డాక్టరు చూడకుండా వెళ్లొద్దు.

5. కాలం లెక్క వేసుకోండి

వెంట్రుకలన్నీ ఒకేసారి ఎదుగుదలలో ఉండవు, అందుకే ఒక్క సిట్టింగ్‌తో పోదు. వారానికో రెండు వారాలకో ఒకసారి, ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా తిరగాల్సి రావచ్చు. మధ్యలో థ్రెడింగ్, వ్యాక్సింగ్ మానేయాలి; కత్తెరతో కత్తిరించుకోవచ్చు. మాఘంలో పెళ్లి పెట్టుకుని పుష్యంలో మొదలుపెడితే ఫొటోల్లో కనిపించేది ఎర్రబడిన గడ్డమే. చాలాచోట్ల నిమిషాల లెక్కన తీసుకుంటారు. ఒక సిట్టింగ్ ధర విని సంతోషపడకుండా మొత్తం ఎంతవుతుందో అడగండి.

6. క్లినిక్‌లో మొహమాటం వద్దు

సూది ప్యాకెట్ మీ ఎదురుగానే విప్పాలి. ట్వీజర్లు స్టెరిలైజ్ చేశారా అని అడిగితే విసుక్కునే చోటు మనకు వద్దు. నొప్పి ఉంటుంది, పై పెదవి దగ్గర కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మత్తు క్రీమ్ కావాలంటే డాక్టరునే అడగండి. మన చామనఛాయ చర్మానికి అసలు చిక్కు నల్ల మచ్చలతో. కాబట్టి దవడ కింద, బయటికి కనపడని చోట, కొద్ది వెంట్రుకలకు మాత్రమే చేయించుకుని కొన్ని వారాలు ఆగండి.

చేయించుకున్న రోజుల్లో విశాఖ ఉక్కపోతతో జాగ్రత్త. చేసిన చోట చిన్న చిన్న పక్కులు కడతాయి, గిల్లకండి. గాజువాక నుంచి సిరిపురం దాకా స్కూటీ మీద వచ్చేవాళ్లకు హెల్మెట్ పట్టీ సరిగ్గా గడ్డం మీదే ఒరుసుకుంటుంది. హెల్మెట్ మానేయలేం కాబట్టి ఆ రోజు ఆటోలోనో బస్సులోనో వెళ్లండి. రెండు మూడు రోజులు పసుపు, నలుగు, బ్లీచ్ పక్కన పెట్టండి. ఎండలో ఆర్కే బీచ్ షికారు కూడా వద్దు. మొదట చేయించుకున్న ఆ కొద్ది చోట పక్కులు రాలి, కొన్ని వారాలు గడిచినా నల్ల గుర్తు కనపడకపోతే మిగతా సిట్టింగులు రాయించుకోండి.