పొలం మట్టిలో పిండిని తినే బాసిల్లస్‌ను పట్టుకోవడం ఎలా?

బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా మట్టిలో ఎక్కడైనా ఉంటుంది. అమైలేజ్ అనే ఎంజైమును బయటికి వదిలి, గంజిలో ఉండే పిండిపదార్థాన్ని ముక్కలు చేసి తింటుంది. దీన్ని సైన్స్ ఫెయిర్‌లో చూపిస్తామని పిల్లలు సరదాగా మొదలుపెడతారు. చివరికి ప్లేటు నిండా బూజు, ఏవేవో సూక్ష్మజీవులు. తప్పు దాదాపు ఎప్పుడూ వేడిచేసే దగ్గరే జరుగుతుంది.

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి పొలంలో జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తెచ్చి, రెండు రోజులు నీడన ఆరబెట్టండి. పూలకుండీ మట్టి వద్దు. పురుగుమందుల షాపులో ఇదే బ్యాక్టీరియా పొడి ప్యాకెట్లలో దొరుకుతుంది. అది చల్లి మట్టిలో పట్టామంటే ప్రయోగం కాదు.

స్టార్చ్ అగార్ (పిండి కలిసి, చల్లారాక జెల్లీలా గడ్డకట్టే ఆహారం) పొడిని నీళ్లలో కలిపి కుక్కర్‌లో 20 నిమిషాలు ఉంచి, పెట్రీడిష్‌లలో, అంటే మూతలున్న పల్చటి గుండ్రటి ప్లేట్లలో పోయండి. గ్రాము మట్టిని మరిగించి చల్లార్చిన 10 మిల్లీలీటర్ల నీటిలో కలిపి టెస్ట్‌ట్యూబ్‌లో పోయండి.

ఇక అసలు పని. ట్యూబ్‌ను 80 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు ఉంచాలి. ఆ వేడికి మామూలు బ్యాక్టీరియా చచ్చిపోతుంది, బాసిల్లస్ మాత్రం స్పోర్ల (గట్టి పొరలో నిద్రపోయే కణాల) రూపంలో బతుకుతుంది. గిన్నెలో నీళ్లు 80కి రాగానే టైమ్ లెక్కపెట్టేస్తారు, అక్కడే చెడుతుంది. ట్యూబ్ లోపలి నీరు అప్పటికి ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. పక్కనే అంతే నీళ్లున్న ఇంకో ట్యూబ్‌లో థర్మామీటర్ పెట్టి, అది 80 చూపించాకే లెక్క మొదలుపెట్టండి.

ట్యూబ్‌లోని మట్టినీళ్లు గిన్నెలోని నీటిమట్టానికి కిందే ఉండాలి. పైన గోడకు అంటుకున్న మట్టికి వేడి తగలదు, అందులోని క్రిములు తర్వాత కిందికి జారతాయి. అందుకే ముందు ఊపి కలిపి, అంచు తుడిచి, ఆ తర్వాతే వేడిలో పెట్టాలి. మధ్యలో కదపకండి. కొందరు నేరుగా మరిగించేస్తారు. అంత వేడికి స్పోర్లలోనూ కొన్ని పోతాయి. 80 డిగ్రీలే సరైన పద్ధతి. పది నిమిషాలు కాగానే చన్నీళ్లలో పెట్టి చల్లార్చండి.

పైన తేరిన నీటిని పదింతలు పలుచన చేసి, ఒక్క చుక్క ప్లేటు మీద పరచండి. చిక్కగా వేస్తే కాలనీలు (బ్యాక్టీరియా పెరిగి ఏర్పడే చుక్కలు) కలిసిపోతాయి. విజయవాడ మే నెల ఎండల్లో గది వేడే చాలు, మర్నాటికల్లా కనిపిస్తాయి. సంక్రాంతి రోజుల్లో ఇంకో రోజు ఆగాలి.

బూడిదరంగు తెలుపులో, పొడిగా, అంచులు ముడతలు పడి ఉన్నవాటిని చూడండి. గ్లవ్స్, మాస్క్ పెట్టుకుని పలుచని అయోడిన్ పోయండి. పిండి ఉన్నచోట ప్లేటంతా నీలం నలుపుగా మారుతుంది. పిండి తిన్న కాలనీ చుట్టూ మాత్రం రంగు లేని వలయం ఉంటుంది. ఎంజైము పక్కకు పాకుతుంది కాబట్టి వలయం కాలనీ కన్నా వెడల్పుగా ఉంటుంది. నీలం త్వరగా వెలిసిపోతుంది, ఫొటో వెంటనే తీసుకోండి.

వలయం వచ్చిందని సబ్టిలిస్ అనేయకండి. వాంతులు, విరేచనాలు తెప్పించే బాసిల్లస్ సీరియస్ కూడా ఇదే వేడికి తట్టుకుంటుంది, పిండినీ తింటుంది. అందుకే వంటగదిలో ఈ పని వద్దు, కుక్కర్ కూడా వంటకు వాడనిదే కావాలి. పని అయ్యాక ప్లేట్లను అదే కుక్కర్‌లో 30 నిమిషాలు ఉడికించాకే పారేయండి.