పాత థియేటర్‌ని మళ్ళీ ప్రదర్శనలకు సిద్ధం చేయాలంటే ముందు తలెత్తి పైకి చూడండి

పాత థియేటర్ చేతికి రాగానే అందరి కళ్ళూ కుర్చీల మీదకీ, ముందు గోడ రంగుల మీదకీ పోతాయి. ఆగండి. మొదటి డబ్బు పైకప్పుకి. కప్పు కారుతుంటే కింద ఏం చేసినా రెండు వానాకాలాల్లో కథ మళ్ళీ మొదటికే వస్తుంది. వాన నీళ్ళు పోయే గొట్టాలు కూడా సరిచేసి, గోడలు ఆరడానికి నెలల తరబడి టైమ్ ఇవ్వండి. సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూయించొద్దు, లోపలి చెమ్మ బయటికి రాలేక పూత పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. మేస్త్రీ ఎంత నచ్చజెప్పినా సరే.

తర్వాత సీలింగ్. కింద నుంచి పువ్వులూ తీగలతో ముచ్చటగా ఉంటుంది గానీ, చాలా పాత థియేటర్లలో దాన్ని మోసేది పైన ప్లాస్టర్‌లో ముంచి కట్టిన గోనెగుడ్డ కట్లే. 2013 డిసెంబరులో లండన్ అపోలో థియేటర్లో నాటకం నడుస్తుండగానే సీలింగ్ కొంత కూలి పదుల మంది గాయపడ్డారు, ఆ కట్లు ఏళ్ళ తరబడి పాడైపోవడమే కారణం. కాబట్టి తెలిసినవాళ్ళని అటక ఎక్కించి ఒక్కో కట్టూ చూపించండి. పాత పైపులకు చుట్టిన పొరలో, ఫైర్ కర్టెన్‌లో (మంటలు స్టేజీ దాటి హాల్లోకి రాకుండా దించే తెర) ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి, పరీక్ష చేయించకుండా పీకొద్దు.

ఇంతకీ అక్కడ ఏం ఆడిస్తారు? ఇది ముందే తేల్చుకోవాలి. మాటల నాటకానికి హాల్లో మోత, అంటే శబ్దం ఆగాక కూడా గోడలకు తగిలి వినిపిస్తూ ఉండేది, ఒక సెకను దగ్గర ఆగిపోతే మాట స్పష్టంగా వినిపిస్తుంది, పెద్ద ఆర్కెస్ట్రాకి దాదాపు రెండు సెకన్లు కావాలి. ఏదీ మార్చకముందే మోత కొలిపించి రాసిపెట్టుకోండి, ఎందుకంటే మెత్తటి కుర్చీలూ కొత్త కార్పెట్టూ వేశాక హాలు శబ్దాన్ని మింగేస్తుంది, అప్పుడు ఏం పోయిందో తెలుసుకోవడానికి కూడా లెక్క ఉండదు. ఏసీ హోరు సంగతి చెప్పక్కర్లేదు.

స్టేజీ పైన వేలాడదీసే లైట్లూ స్పీకర్లూ ఇప్పుడు చాలా బరువు. పాత దూలాలు ఎంత మోస్తాయో స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్క వేశాకే ఏదైనా కట్టండి.

నిప్పు విషయంలో మొహమాటం వద్దు. 1903లో షికాగో ఇరోక్వాయ్ థియేటర్ మంటల్లో 600 మందికి పైగా చనిపోయారు, బయటికి పోయే దారులు చాలావరకు మూసి ఉన్నాయి. తలుపులు బయటికి తెరుచుకోవాలి, లోపలి నుంచి తోస్తే చాలు తెరుచుకోవాలి. పని జరిగే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. వెనిస్‌లోని లా ఫెనీచే ఒపేరా థియేటర్ 1996లో తగలబడింది మరమ్మతులు సాగుతుండగానే, మళ్ళీ తెరుచుకునేసరికి 2003 అయింది. రాత్రి కాపలా పెట్టండి.

చివర్లో టికెట్ లేకుండా ఒక రిహార్సల్‌కి జనాన్ని పిలవండి. నిండిన హాలు వినిపించే తీరే వేరు. ఇంటర్వెల్‌లో ఆడవాళ్ళ టాయిలెట్ దగ్గర క్యూ ఎంతుందో కూడా చూడండి, పాత ప్లాన్లలో అవి ఎప్పుడూ తక్కువే.