వైట్‌వాటర్ ఓపెన్ కెనూ, 6వ పాఠం: జిగురు అంటని పడవలు

ఈ వారం రాకర్ (పడవ ముందూ వెనకా పైకి వంగి ఉండే తీరు) గురించి చెబుతానని మాటిచ్చాను. అది వచ్చే పాఠానికి వాయిదా. 5వ పాఠం చదివి ఎయిర్ బ్యాగులు (బోల్తా పడ్డా పడవలో నీరు నిండకుండా లోపల కట్టే గాలి సంచులు) బిగించుకున్నవాళ్లలో నలుగురికి డి-రింగులు (ఆ బ్యాగుల్ని కట్టడానికి, ప్యాచ్‌తో పడవకి అతికించే D ఆకారపు రింగులు) ఊడిపోయాయి. ముందు ఆ సంగతి తేల్చాలి.

నలుగురిలో ఒక తమ్ముడు అమెరికాలోని నాంటహేలా నదిలో, మొదట్లోనే వచ్చే పాటన్స్ రన్ అనే ఉరవడి దగ్గర బోల్తా పడ్డాడు. "అన్నా, మీరు చెప్పినట్టే గరుకు కాగితంతో రుద్దాను, రెండు పూతలు రాశాను, ఒక రోజంతా ఆరనిచ్చాను. నీళ్లలో పడగానే ముందు బ్యాగు బుడగలా పైకి లేచి వచ్చేసింది, డి-రింగు దానికే వేలాడుతోంది" అని రాసి ఫోటో పంపాడు. ప్యాచ్ వెనకవైపు అద్దంలా నున్నగా మెరుస్తోంది. జిగురంతా ప్యాచ్‌కే ఉంది, పడవకి ఒక్క చుక్క కూడా లేదు. ఫోటో చూడగానే అర్థమైంది, తప్పు నాది. నేను చెప్పిన వినైల్ జిగురు రాయలెక్స్ అనే ప్లాస్టిక్ పడవలకి. అతనిది వేరే ప్లాస్టిక్, పాలిథిలీన్. నా పడవ పాత డాగర్ ఓకోయీ, రాయలెక్స్‌ది. ఇరవై ఏళ్లుగా దాన్నే చూస్తూ, అందరి పడవా అలాంటిదే అన్నట్టు రాసేశాను. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం చెప్పినట్టయింది.

కాబట్టి ఈ పాఠం ప్లాస్టిక్‌ని గుర్తుపట్టడం గురించి.

రాయలెక్స్ అంటే ఒక సాండ్‌విచ్. నడుమ ఏబీఎస్ అనే ప్లాస్టిక్ నురగ, దానికి రెండు వైపులా గట్టి ఏబీఎస్, బయటా లోపలా పలచటి వినైల్ పొర. షీటుని వేడి చేసి, అచ్చులోకి గాలితో లాగి పడవ చేస్తారు. అంతకుముందు వాడిన గ్రమ్మన్ అల్యూమినియం కెనూలు రాయి తగిలితే దాన్ని పట్టుకుని వదిలేవి కావు. రాయలెక్స్ జారేది, సొట్ట పడినా చాలావరకు తనే సర్దుకునేది. నలభై ఏళ్లు వైట్‌వాటర్ కెనూ అంటే అదే. ఆ షీటు తయారుచేసే కంపెనీని 2013లో పాలీవన్ కొనేసింది, ఆ తర్వాత కొద్దికాలానికే తయారీ ఆపేసింది. అప్పటినుంచి కొత్తగా కొనేవాళ్లకి రెండే ప్రధాన దారులు మిగిలాయి. ఒకటి క్యూబెక్‌లోని ఎస్కీఫ్ కంపెనీ రాయలెక్స్‌కి బదులుగా తెచ్చిన టి-ఫార్మెక్స్ షీటు. రెండోది పాలిథిలీన్. కార్బన్, కెవ్లార్ పడవలూ ఉన్నాయి. అవి స్లాలమ్ పందేలవాళ్లకి బాగుంటాయి. రాళ్ల మీద పడవని ఈడ్చుకెళ్లే నాలాంటివాళ్లకి కాదు.

పాలిథిలీన్ పడవని రొటేషనల్ మోల్డింగ్‌తో చేస్తారు. మూసిన అచ్చులో ప్లాస్టిక్ పొడి పోసి, వేడి చేస్తూ అన్ని వైపులా తిప్పుతారు. పొడి కరిగి అచ్చు గోడలకి పట్టుకుంటుంది. దీనివల్ల డిజైన్ కూడా మారిపోయింది. రాయలెక్స్ షీటుని మూల దగ్గర గట్టిగా లాగితే అక్కడ పలచబడుతుంది, అందుకే పాత పడవల అంచులన్నీ గుండ్రంగా ఉండేవి. పొడితో ఆ బాధ తక్కువ. నీటిని పట్టుకుని తిరిగే పదునైన అంచులు, మందమైన ముక్కు, పొడవాటి డెక్‌లు అన్నీ అచ్చులోనే వచ్చేస్తాయి. ఎస్కీఫ్ లెడ్జ్, బ్లాక్‌ఫ్లై ఆప్షన్ లాంటివి 9 అడుగుల దరిదాపుల్లో ఉండే పొట్టి పడవలు. మా తరం పడవలు 11 నుంచి 16 అడుగులు. పొట్టివి రాయి వెనకున్న చిన్న ఎడ్డీలో (నీరు వెనక్కి తిరిగే చోటులో) కూడా ఇట్టే దూరిపోతాయి. బరువు మాత్రం పొడవు తగ్గినంతగా తగ్గదు. భుజాన వేసుకుని అరమైలు నడిస్తే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. కాస్త విసుగ్గానే చెబుతున్నాను, ఎందుకంటే "ఇంకా మంచి జిగురు ఏదైనా ఉందా అన్నా?" అని ఈ వారం పదకొండు మంది అడిగారు. ఇది జిగురు నాణ్యతకు సంబంధించిన సమస్యే కాదు.

ఇంట్లో పీవీసీ పైపులు అతికించే ప్లంబర్‌ని చూసే ఉంటారు. పైపు చివర డబ్బాలోని ద్రవం రాసి, ఇంకో ముక్కలోకి తోసి, అర నిమిషం పట్టుకుంటాడు. ఆ ద్రవం పైపు పై పొరని కరిగిస్తుంది. రెండు ముక్కల కరిగిన పొరలూ కలిసిపోతాయి. రాయలెక్స్ మీది వినైల్ కూడా పీవీసీయే. అందుకే వినైల్ జిగురు దాన్ని మెత్తబరిచి లోపలికి దిగుతుంది, వినైల్ ప్యాచ్ ఊడమన్నా ఊడదు.

పాలిథిలీన్‌ని ఆ ద్రవం కరిగించలేదు. కరిగించకపోతే పోనీ, కనీసం తడపనైనా తడపదు. తామరాకు మీద నీటిబొట్టు ఎలా నిలుస్తుందో, పాలిథిలీన్ మీద జిగురు అలా నిలుస్తుంది. ఉన్నట్టే ఉంటుంది, పట్టు ఉండదు. మా అమ్మ ప్లాస్టిక్ బిందె అడుగున చీలితే నాన్న ఎన్ని రకాల జిగుర్లు రాశారో లెక్కలేదు. ఆరాక వేలితో గీకితే పెచ్చులా వచ్చేసేది. చివరికి కాల్చిన చాకుతో అంచుల్ని కరిగించి అద్దారు, అప్పుడు ఆగింది. నాన్న చేసింది ప్లాస్టిక్ వెల్డింగ్. మామూలు లీనియర్ పాలిథిలీన్ పడవ చీలినా ఇదే వైద్యం. క్రాస్‌లింక్డ్ రకమైతే కరగదు, దానికి వెల్డింగ్ పనికిరాదు.

గరుకు కాగితంతో ఎక్కువసేపు రుద్దితే పట్టు వస్తుందా? రాదు. వినైల్ జిగురే మూడు పూతలు వేస్తే? రాదు. ఎండలో ఆరబెడితే? రాదు. పైన బరువు పెట్టి ఉంచితే? అయ్యా, తామరాకు మీద బరువు పెట్టినా అది తామరాకే.

మీ పడవ ఏదో తెలుసుకోవడం ఎలా? పడవ వెనక చివర, కుడివైపు, పై అంచు దగ్గర 12 అక్షరాల హల్ నంబరు (పడవ గుర్తింపు సంఖ్య) ఉంటుంది. 1984 తర్వాతి పడవల్లో చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. అవి 15 గానీ ఆపైన గానీ అయితే రాయలెక్స్ కాదనే నేను అనుకుంటాను. పాతదైతే రాయలెక్సే అని మాత్రం అనుకోవద్దు. ఓల్డ్ టౌన్ డిస్కవరీ అప్పట్లోనూ పాలిథిలీనే.

నాకు నమ్మకమైన పద్ధతి గ్లాసు నీళ్లు. పడవ లోపల, సాడిల్ (కూర్చునే దిమ్మ) కింద కనబడని చోట, పై పొర నుంచి గోరంత పెచ్చు బ్లేడుతో తీయండి. నురగ దాకా వెళ్లొద్దు, పై పొర చాలు. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క వేయండి. సబ్బు లేకపోతే మునగాల్సిన పెచ్చు కూడా నీటి పైపొర మీద కూర్చుని మిమ్మల్ని మోసం చేస్తుంది. పెచ్చుని వేలితో అడుగుకి నొక్కి వదలండి. పాలిథిలీన్ నీటికన్నా తేలిక, వెంటనే పైకి వచ్చేస్తుంది. వినైల్ అడుగునే ఉండిపోతుంది. ఆ తమ్ముడితో ఫోన్లో ఉండగానే ఈ పని చేయించాను. "పైకొచ్చింది అన్నా" అని, ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. డి-రింగులకి, జిగురుకి అరవై డాలర్లు పెట్టాడు మరి.

పెచ్చుని కాల్చి వాసన చూడమని ఎవరైనా చెబితే చేయకండి. వినైల్ పొగ గొంతునీ ఊపిరితిత్తుల్నీ పాడుచేస్తుంది.

పాలిథిలీన్ అని తేలితే ఏం చేయాలి? నేనైతే జిగురు జోలికే పోను, కన్నాలు పెడతాను. గన్నెల్ (పడవ పై అంచు పట్టీ) కింద వరుసగా చిన్న కన్నాలు పెట్టి, నైలాన్ తాడు అడ్డదిడ్డంగా అల్లి బ్యాగుని పైనుంచి నొక్కి ఉంచాలి. కన్నం అంచులు నున్నగా ఉండాలి, గీత పడితే అక్కడే చీలిక మొదలవుతుంది. పడవ అడుగున తాడు కట్టే పట్టు కోసం స్టెయిన్‌లెస్ బోల్టు, రెండు వైపులా వెడల్పాటి వాషర్లు, వాటి కింద రబ్బరు. బయటవైపు బోల్టు తల చదునుగా ఉండాలి. పడవ అడుగున కన్నం పెట్టడానికి చాలామందికి మనసొప్పదు. నాకూ మొదటిసారి చేయి వణికింది.

జిగురే కావాలంటే ఒక దారి ఉంది. రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరాక ప్రొపేన్ టార్చ్ మంట కొసని ఉపరితలం మీద సెకనుకి అడుగు చొప్పున ఆడించండి. ప్లాస్టిక్ కరగకూడదు, రంగు మారకూడదు. తర్వాత నీళ్లు చల్లితే చుక్కలు కట్టకుండా పరుచుకోవాలి. అప్పుడే ఆ చోటు జిగురుని ఒప్పుకున్నట్టు. తడి ఆరగానే జి-ఫ్లెక్స్ ఎపాక్సీ (రెండు భాగాలుగా వచ్చే జిగురు) సమపాళ్లలో కలిపి రాయండి. టి-ఫార్మెక్స్ పడవ ఉన్నవాళ్లు కంపెనీ చెప్పిన జిగురే వాడండి.

అభ్యాసం. అడుగున త్రికోణంలో 2 అంకె ఉన్న 5 గ్యాలన్ల బకెట్ ఒకటి తెచ్చుకోండి. దాని ఒంటికి నాలుగు నైలాన్ పట్టీలు అతికించండి. ఒకటి వినైల్ జిగురుతో, ఒకటి రుద్ది ఎపాక్సీతో, ఒకటి రుద్దకుండా మంట చూపి ఎపాక్సీతో, ఒకటి రుద్ది మంట చూపి ఎపాక్సీతో. మూడు రోజులు ఆరనివ్వండి. తర్వాత ఒక రాత్రంతా ఐసు నీళ్లలో ఉంచండి. నాంటహేలా నీళ్లు డ్యామ్ అడుగు నుంచి వస్తాయి, మండు వేసవిలో కూడా 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దరిదాపుల్లోనే ఉంటాయి. మీ పట్టీలు పనిచేయాల్సింది ఆ చలిలో.

మర్నాడు బకెట్‌ని పడుకోబెట్టి గట్టిగా కట్టేసి, ఒక్కో పట్టీ కొసకి నీళ్లు నింపిన ఇంకో బకెట్ వేలాడదీయండి. 19 లీటర్లు, 42 పౌండ్లు. పట్టీ పక్కకి జారేలా కాదు, అరటి తొక్క ఒలిచినట్టు కొస నుంచి లేచేలా కట్టాలి. బ్యాగు ఊడేటప్పుడు డి-రింగుని లాగేది అలాగే. ఏది ఎన్ని నిమిషాలు ఆగిందో రాసి పంపండి. పట్టీ వెనకవైపు ఫోటో కూడా తప్పకుండా కావాలి.