పండగ రాత్రి వేడి గారెల టెన్షన్ ఇలా తీరింది

సంక్రాంతికి చుట్టాలొస్తే వాళ్లు తింటున్నంతసేపూ నేను మూకుడు దగ్గరే. ముందే వేసి హాట్‌ప్యాక్‌లో పెట్టినా, మళ్లీ వేడిచేసినా, బయట నుంచి తెప్పించినా గారెలు మెత్తబడిపోయేవి.

ఈసారి పెరుగు గారెలు చేశాను. మినప్పప్పు గట్టిగా రుబ్బి, మధ్యాహ్నమే అన్నీ వేయించేశాను. వేడిగా ఉండగానే నీళ్లలో ముంచి, విరక్కుండా అరచేతుల మధ్య మెల్లగా నొక్కి, ఉప్పు వేసి చిలికిన పెరుగులో వేశాను. పెరుగు పల్చగానే ఉండాలి, గారె చాలా పీల్చుకుంటుంది. పైన ఆవాలు, ఎండుమిర్చి, అల్లం, కరివేపాకు పోపు. రాత్రికి లోపలిదాకా నానాయి. అందరితోపాటు కూర్చుని తిన్నాను, ఎంత హాయిగా ఉందో!

ఎండాకాలంలో అయితే పెరుగు పులుస్తుంది, ఫ్రిజ్ తప్పదు. కరకరలాడే గారెలే కావాలనే ఇంట్లో ఇది కుదరకపోవచ్చు.