పెరట్లో చలికాలపు క్యాలెండులా

చామంతి కుటుంబానికి చెందిన క్యాలెండులా మన ప్రాంతంలో చలికాలం ఉన్నంత వరకే హాయిగా పూసే ఏకవార్షిక మొక్క కాబట్టి, వానలు తగ్గుముఖం పట్టే అక్టోబరులోనే దాన్ని విత్తుకోవాలి. గోరుముక్కలా వంగి, వీపు గరుకుగా ఉండే ఈ విత్తనాలు చీకటిలోనే బాగా మొలుస్తాయి. అందుకని వాటిపై ఒక సెంటీమీటరు మందాన మట్టి కప్పాలి. నాలుగైదు ఆకులు తొడిగిన నారును, రోజుకు ఆరు గంటల ఎండ తగిలి నీరు నిలవని చోట, అడుగు దూరంలో నాటాలి. పశువుల ఎరువు కొద్దిగా చాలు. నత్రజని ఎక్కువైతే ఆకులు గుబురెక్కి పూలు తగ్గుతాయి. మొగ్గల కింద పేనుబంక కనిపిస్తే వేపనూనె ద్రావణం పిచికారీ చేయాలి. గింజ పట్టిన మొక్క పూత తగ్గిస్తుంది కనుక, వాడిన పువ్వును వెంటనే కాడతో సహా తుంచెయ్యడమే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం.